ఇతర జబ్బులేమీ లేవు

హనుమాయమ్మ నోటిదాకా వెళ్ళిన బిళ్ళ అక్కడే ఆగిపోయింది. తనంతట తాను ఆగలేదు. కాళ్ళకి చెప్పులతోనే గదిలోకి దూసుకొచ్చిన కోడలు నవ్యశ్రీ ఆమె మణికట్టు పట్టుకుంది.

"మింగొద్దు అత్తమ్మా. ఆగండి."

మంచం పక్కన నీళ్ళ గ్లాసుతో నిలబడ్డ హరనాథ్‌గారికి ముందు విషయం అర్థం కాలేదు. గంట క్రితం మెట్రోకని బయల్దేరిన పిల్ల, ఈపాటికి నోయిడాలో ఆఫీసు కుర్చీలో ఉండాల్సిన పిల్ల, మే నెల ఎండలో చెమటలు కక్కుతూ తిరిగొచ్చి మందు ఆపడమేమిటి? ఆయన చెయ్యి దాటిన మందుని ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ ఆపలేదు. ఢిల్లీ పక్కన వైశాలిలోని ఆ అపార్ట్‌మెంట్ల సొసైటీలో పదకొండు తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్ళూ ఆపలేదు.

నవ్యశ్రీ అత్తగారి వేళ్ళ మధ్య నుంచి బిళ్ళ తీసుకుంది. మంచం మీదున్న తక్కిన బిళ్ళల అట్ట కూడా తీసుకుంది. రెండూ హ్యాండ్‌బ్యాగులో పడేసి జిప్పు లాగింది.

హనుమాయమ్మకి తెల్లవారుజాము నుంచీ కడుపులో మెలిపెడుతోంది. నొప్పి వచ్చినప్పుడు మోకాళ్ళు డొక్కలోకి ముడుచుకుని దిండు అంచు కొరుకుతుంది. తగ్గినప్పుడు ఎవరికీ కాఫీ కలపలేదని బాధపడుతుంది. ఇప్పుడు రెండూ చెయ్యలేదు. కోడలి ముఖంలోకి చూసి, మొగుడికి కనపడకుండా, వద్దన్నట్టు తల ఆడించింది.

"ఏంటమ్మా ఇది?" అన్నారు హరనాథ్‌గారు. "నేనిచ్చిన మందు కాదు. డాక్టరమ్మ రాసింది. చీటీ ఫోటో గ్రూపులో పెట్టాను కదా."

పెట్టారు. ఆ ఫోటో చూసే నవ్యశ్రీ ప్లాట్‌ఫారం మీద నుంచి వెనక్కి తిరిగింది. ఇంట్లో ఎవరికి తుమ్ము వచ్చినా ఆయన చీటీ ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెడతారు. ఈసారి కింద ఒక వాక్యం కూడా రాశారు, నేను అనుకున్న మందే మేడమ్ కూడా రాశారు అని. ఆ గర్వాన్ని నవ్యశ్రీ చూడలేదు. చీటీలో పైన ఇంగ్లీషులో ఉన్న ఒక చిన్న లైను చూసింది. ఇతర జబ్బులు: ఏమీ లేవు.

హరనాథ్‌గారు ముప్పై ఏళ్ళు మిలిటరీలో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి, సుబేదారుగా రిటైరయ్యారు. డాక్టరు కారు. కానీ సొసైటీలో తెలుగువాళ్ళంతా ఆయన్ని డాక్టరుగారనే పిలుస్తారు. ఆయన ఒకటి రెండుసార్లు వద్దని చూశారు, ఆ తర్వాత వద్దనడం మానేశారు. జ్వరానికీ దగ్గుకీ ఆయన దగ్గరికొస్తే మందు, ధైర్యం, ఒక మిలిటరీ కథ, మూడూ దొరుకుతాయి. నొప్పి తన చేతికి లొంగకపోతే మాత్రం క్లినిక్‌కి తీసుకెళ్తారు. అంత న్యాయం ఆయనకుంది.

ఈ ఉదయం కూడా అలాగే తీసుకెళ్ళారు. పక్క సెక్టారులో డాక్టరమ్మ అడగాల్సినవన్నీ అడిగింది. నొప్పి ఎప్పటి నుంచి, వాంతులయ్యాయా, ఇంకేవైనా జబ్బులున్నాయా, వేరే మందులు వాడుతున్నారా అని. రోగి కుర్చీలో కూర్చుంది. జవాబులు మాత్రం పక్కన అటెన్షన్‌లో నిలబడ్డ హరనాథ్‌గారు చెప్పారు. "నో మేడమ్. బిల్కుల్ ఫిట్." ఆ మాట అన్నప్పుడు హనుమాయమ్మ తన కాళ్ళ మెట్టెలు చూసుకుంటూ కూర్చుంది.

"డాక్టర్‌కు మళ్ళొకసారి ఫోన్ చేద్దాం మామయ్యా" అంది నవ్యశ్రీ. "ఒక మాట చెప్పకుండ వచ్చిన్రు. అది చెప్పినంక ఈ గోలి ఇయ్యమంటే నేనే ఇస్త."

"ఏం మాట?"

నవ్యశ్రీ అత్తగారి వైపు చూసింది. హనుమాయమ్మ కళ్ళు మూసుకుంది.

ఆ మాట ఏమిటో ఆ ఇద్దరికే తెలుసు. ఐదు రోజుల క్రితం ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి సీసా వెనక నవ్యశ్రీకి చిన్న కళ్ళ చుక్కల సీసా దొరికింది. ఇదెవరిదని అడిగిందో లేదో, హనుమాయమ్మ ఆమెని బాల్కనీలోకి లాక్కెళ్ళి తలుపు వేసింది. దీపం చుట్టూ రంగు రంగుల వలయాలు కనిపిస్తున్నాయట. కనుబొమల పైన పోటు వస్తోందట. కింది ఫ్లోరు ఉమారాణిని తోడు తీసుకుని కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే గ్లకోమా అన్నారట. మనవాళ్ళు నీటికాసులనే జబ్బే. కంట్లో నీరు బయటికి పోయే దారి ఇరుకైపోయిందట. చుక్కలిచ్చి, లేజరు చెయ్యాలి, ఆలస్యం చెయ్యకండన్నారట. ఎండలు తగ్గాక వస్తానని ఈవిడ చెప్పి వచ్చేసింది.

మామయ్యకి ఎందుకు చెప్పలేదని కోడలు అడిగింది. అదే అసలు చిక్కు. రెండేళ్ళ క్రితమే ఆమె ఆ వలయాల సంగతి మొగుడికి చెప్పింది. ఆయన కంట్లోకి టార్చి వేసి చూసి, చత్వారమే అని తేల్చి, కొత్త కళ్ళజోడు కొనిపెట్టారు. ఇప్పుడు ఇంకెవరో ఇంకేదో అన్నారంటే ఆయన చిన్నబోతారు. "నలభై ఏళ్ళలో ఆయన్ని ఒక్కరి ముందు చిన్నబుచ్చలేదే. చెప్పకు. నా మీద ఒట్టు" అంది.

ఇలాంటి ఆడవాళ్ళ మీద నాకు జాలి కంటే కోపమే ఎక్కువ. మొగుడి పేరు నిలబెట్టడానికి కళ్ళు ధారపోస్తారు. ధారపోశానని నలుగురికీ చెప్పుకున్నా బాగుండును, అదీ చెయ్యరు.

నవ్యశ్రీ ఆ రోజు ఒట్టు వేసింది. అప్పటికి ఈ బిళ్ళ సంగతి రాలేదు కాబట్టి వేసింది. నెమ్మదిగా నచ్చజెప్పి తనే లేజరుకి తీసుకెళ్ళొచ్చనుకుంది.

"నీ ఆఫీసు చదువు ఇంట్లో చూపించకమ్మా" అన్నారు హరనాథ్‌గారు. గొంతు పెంచలేదు. ఆయనకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. కోడలు మందుల వల్ల కీడు జరిగిన కేసుల కాగితాలు చదివే కంపెనీలో పని చేస్తుందని ఆయనకి తెలుసు. అది గుమాస్తా పనని ఆయన అభిప్రాయం. ఏసీలో కూర్చుని ఎవరికో ఏదో అయిందని చదివితే మందు వాడటమంటేనే భయం పట్టుకుంటుందనీ, తను లేహ్ మంచులో లాంతరు వెలుగులో సూదులు వేశాననీ, ఒక్క ప్రాణం పోలేదనీ చెప్పారు. నిజమే. ఒక్కటీ పోలేదు.

నవ్యశ్రీ వరంగల్ పిల్ల. మామూలుగా అత్తింట్లో కోస్తా మాట కలిపి మాట్లాడుతుంది. కోపమొస్తే ఆ కలుపు పోతుంది.

"మామయ్యా, మీరు మందిచ్చింది ఇరవై ఏండ్ల జవాన్లకు. జబ్బుంటే వాళ్ళను ఫౌజ్‌ల తీసుకోనే తీసుకోరు. ఇంకేం రోగముంది, ఇంకేం మందు వాడుతున్నవు అని అడిగే పని మీకు పడనే లేదు. వాళ్ళు లైన్ల నిలబడిన్రు, మీరు గోలి ఇచ్చిన్రు. ఇక్కడున్నది అరవై రెండేండ్ల ఆడమనిషి. నోరిప్పి చెప్పని మనిషి. అడగకుండ ఎట్ల ఇస్తరు?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఫౌజ్‌లో ఎం.ఐ. రూమనే వైద్యం గది ముందు పొద్దున్నే వరస కట్టే కుర్రాళ్ళలో ఒక్కడికీ చక్కెర జబ్బు లేదు, కంటి జబ్బు లేదు. నొప్పి అంటే నొప్పే, దానికి బిళ్ళ, మర్నాడు డ్యూటీ. ఆ అలవాటుతోనే ఆయన పద్దెనిమిదేళ్ళుగా సొసైటీలో ముసలివాళ్ళకీ బాలింతలకీ మందు చెబుతున్నారు.

హరనాథ్‌గారు గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టారు. నీళ్ళు ఒలికాయి. ఆయన తుడవలేదు.

ఇంతలో మెడకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని జయచంద్ర వచ్చాడు. ఇతను హరనాథ్‌గారి కొడుకు, నవ్యశ్రీ భర్త. పక్క గదిలో ఆఫీసు మీటింగులో ఉండి, సగం మీటింగు, సగం గొడవ విన్నాడు. ఇలాంటివాళ్ళు రెంటికీ సగం సగమే న్యాయం చేస్తారు. అమ్మ నొప్పితో ఉంది కదా, ముందు మందు ఇచ్చెయ్, వాదనలు తర్వాత చూసుకుందామన్నాడు.

"ఇచ్చినంక చూసుకునేదేమీ ఉండది జయ్."

"సరే, ఎందుకు వద్దో చెప్పు. నాన్నకి చెప్పకపోతే నాకు చెప్పు."

"నేను చెప్పలేను."

"చెప్పలేనప్పుడు ఆపడమెందుకు నవ్యా?" అన్నాడు. నిజం చెప్పాలంటే అది న్యాయమైన ప్రశ్నే. నవ్యశ్రీ దగ్గర జవాబు ఉంది కానీ అది ఆమెది కాదు. మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, అత్తగారి చెయ్యి పట్టుకుని, మీరే చెప్పండి అత్తమ్మా అని బతిమాలింది. ఒక్క ముక్క చాలు, తక్కినది నేను చూసుకుంటానంది.

అందరూ హనుమాయమ్మ వైపు చూశారు. అప్పుడే నొప్పి మళ్ళీ వచ్చింది. ఆమె పెదవి కొరుక్కుని, అది పోయేదాకా ఆగి, అరచెయ్యి చాపింది.

"నాకేం లేదు. ఆ బిళ్ళ ఇలా ఇచ్చెయ్యి."

నవ్యశ్రీకి ఒక్కసారిగా ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. ఈ మనిషి తెలిసే అడుగుతోంది. ఏదో ప్రమాదముందని కోడలి ముఖం చూసి గ్రహించింది. అయినా చెయ్యి చాపింది. ఎదురుగా నిలబడ్డ మొగుడి ముఖం చిన్నబోకుండా ఉండటం కోసం ఏమైనా మింగేస్తుంది.

"విన్నావుగా" అన్నారు హరనాథ్‌గారు. "ఇవ్వకపోతే మానెయ్. మెడికల్ షాపు కిందే ఉంది." టేబుల్ మీది చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, బయటికి నడిచారు. ఐదు నిమిషాల పని. లిఫ్టులో దిగి, ఇంకో అట్ట కొనుక్కుని, లిఫ్టులో ఎక్కి వచ్చేస్తారు. రెండోసారి ఆపే అవకాశం ఆయన ఇవ్వరు.

ఆయన చెప్పులేసుకునేలోగా నవ్యశ్రీ వీధి తలుపుకి అడ్డంగా నిలబడింది. పెళ్ళై మూడేళ్ళలో ఆమె మామగారి దారికి అడ్డం నిలబడటం అదే మొదటిసారి.

"తప్పుకో అమ్మాయ్."

"తప్పుకోను. ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన మామయ్యా, ఇప్పుడు చెప్త. అత్తమ్మ కండ్లల్ల గ్లకోమా ఉంది. నెలన్నర నుంచి మీకు తెల్వకుండ చుక్కలేసుకుంటున్నది. మీరు తేబోయేది డైసైక్లోమిన్. అసొంటి కండ్లున్నోళ్ళు ఈ గోలి మింగితే కంట్ల ప్రెషర్ ఒక్కసారి లేస్తది. ఒక్క పూటల చూపు పోవచ్చు. అందుకే మింగే ముందు అడుగుతరు. డాక్టరమ్మ అడిగింది కూడ. జవాబు మీరు చెప్పిన్రు."

హరనాథ్‌గారు ఒక చెప్పు వేసుకుని, ఒకటి వేసుకోకుండా అలాగే ఉండిపోయారు.

జయచంద్ర హెడ్‌ఫోన్లలో ఎవరో అతని పేరు పిలుస్తున్నారు. అతను వాటిని తీసి సోఫా మీద పడేశాడు. మీటింగు మధ్యలో అతను అలా చెయ్యడం ఎవరూ చూడలేదు.

"నేను చూశాను" అన్నారు హరనాథ్‌గారు చివరికి. "టార్చి వేసి చూశాను. అది చత్వారం." ఎవరితో అంటున్నారో ఆయనకే తెలియలేదు. పాపం, అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే చూశారు. ఆ జబ్బు టార్చికి దొరికేది కాదు.

లోపలి గదిలో మంచం కిర్రుమంది. హనుమాయమ్మ గోడ పట్టుకుని గుమ్మందాకా వచ్చింది. జుట్టు ముడి వీడిపోయింది. కోడలి మీద మండిపడింది. ఇంటి గుట్టు ఐదు రోజులు కూడా నిలుపుకోలేకపోయావా, నా మీద ఒట్టేసి చెప్పేశావు, రేపు నేను పోతే ఆ పాపం ఎవరిదంది.

"నాదే" అంది నవ్యశ్రీ. "ఆ పాపం నాకే రానీయండి. మీ కండ్లు మాత్రం నేను పోనీయను."

హనుమాయమ్మ కోసం ఇంత పట్టుదల చూపించిన మనిషి ఈ మధ్యకాలంలో ఎవరూ లేరు. గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

నవ్యశ్రీ క్లినిక్‌కి ఫోన్ చేసింది. డాక్టరమ్మ లైన్లోకి వచ్చాక సంగతి రెండు ముక్కల్లో చెప్పి స్పీకరు పెట్టి, ఫోను మామగారి చేతికే ఇచ్చింది. అది కావాలనే చేసింది. పొద్దున తప్పు చెప్పిన నోరే దిద్దుకోవాలని ఆ పిల్ల పంతం.

డాక్టరమ్మ గొంతు గట్టిగా వినిపించింది. వేరే జబ్బేమీ లేదని పొద్దున మీరే చెప్పారు కదా సుబేదార్ సాబ్ అంది. అందులో నిష్ఠూరం ఉంది. అయినా హరనాథ్‌గారు అలవాటు చొప్పున భార్య తరఫున జవాబు చెప్పబోయారు. అసలు సంగతేమిటంటే అన్నట్టు "మేడమ్, దర్ అసల్..." అన్నారు.

"ఫోను ఇలా ఇవ్వండి."

ఆ మాట అన్నది హనుమాయమ్మ. ఆయన వినపడనట్టు చూశారు. ఆమె చెయ్యి చాపి ఫోను తీసేసుకుంది. భర్తతో తొమ్మిది కంటోన్మెంట్లు తిరిగిన మనిషి ఆమె. కూరగాయల బళ్ళ దగ్గర, రేషన్ వరసల్లో నేర్చుకున్న హిందీ ఉంది. భర్త పక్కనుంటే మాత్రం ఎప్పుడూ వాడలేదు.

"డాక్టర్ సాబ్, మరీజ్ మై హూఁ. ముఝ్‌సే పూఛియే."

రోగిని నేను, నన్నడగండి. అంత చిన్న మాట అనడానికి ఆమెకి నలభై ఏళ్ళు పట్టింది. పట్టనీండి. అంది కదా.

డాక్టరమ్మ పొద్దున అడిగినవన్నీ మళ్ళీ మొదటి నుంచి అడిగింది. హనుమాయమ్మ ఒక్కొక్కటే చెప్పింది. చుక్కలు రోజుకి రెండు పూటలు. మలబద్ధకం ఏడాది నుంచి. మెట్లెక్కితే గుండె దడ. మూత్రం తొందరగా రాదు, కూర్చోవాలి. చెబుతున్న కొద్దీ ఆమె గొంతు నిలబడింది. మధ్యలో నొప్పి వచ్చినా ఫోను వదల్లేదు, ఏక్ మినిట్ అని, పళ్ళు బిగబట్టి, మళ్ళీ అందుకుంది. హరనాథ్‌గారు వింటూ నిలబడ్డారు. ఇందులో ఒక్కటీ ఆయనకి తెలియదు. రోజూ పక్కనే పడుకునే మనిషి గురించి ఆయన ఇంటి నడవాలో నిలబడి మొదటిసారి వింటున్నారు.

ఆ బిళ్ళ ముట్టుకోవద్దని డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది. కంటికే కాదు, మూత్రం ఇబ్బంది, గుండె దడ ఉన్నవాళ్ళకి కూడా అది చూసి ఇవ్వాల్సిన మందని, చెమట పట్టనివ్వదు కాబట్టి ఈ ఎండల్లో అసలే జాగ్రత్త అవసరమని అంది. వెంటనే తీసుకురండి, నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో స్కాన్ చేయిద్దాం, కంటి చుక్కల సీసా వెంట తెండి అంది. జయచంద్ర అప్పటికే కారు తాళాలు వెతుకుతున్నాడు.

ఫోను పెట్టేయబోతూ డాక్టరమ్మ ఇంకొక్క ప్రశ్న వేసింది. ఇప్పుడు చూపు ఎలా ఉంది?

"కుడివైపు ఠీక్ హై" అంది హనుమాయమ్మ. అంతవరకూ హిందీలో తడబడని మనిషి సగం తెలుగులోకి వచ్చేసింది.

ఎడమవైపు సంగతి డాక్టరమ్మ అడిగింది. రెండోసారి కూడా అడిగింది. హనుమాయమ్మ ఫోను కోడలి చేతిలో పెట్టేసింది.

నవ్యశ్రీ అత్తగారి ముఖంలోకి చూసింది. బాల్కనీలో ఆ రోజు విన్నది సగమేనని ఇప్పుడు అర్థమైంది. దారిలో ఉన్నామని డాక్టరమ్మకి ఎలా చెప్పిందో, ఎప్పుడు ఫోను పెట్టేసిందో ఆమెకి తెలియదు.

హరనాథ్‌గారు కాలికున్న ఒక్క చెప్పూ విడిచేశారు. భార్యని భుజం పట్టి నెమ్మదిగా కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నేల మీద మోకాలు ఆనించి కూర్చున్నారు. కుడి కన్ను మూసుకోమన్నారు. ఆజ్ఞలా అందామనుకున్నారు కానీ మాట అలా రాలేదు.

"ఇప్పుడు తీరిందా మీకు నన్ను అడగడానికి?" అంది హనుమాయమ్మ. కోపంగానే అంది. ఆ మాట అనడానికి ఆమె భయపడలేదు, అన్నాక తల దించుకోలేదు. కుడి అరచేత్తో కుడి కన్ను గట్టిగా మూసుకుంది.

"ఎన్ని వేళ్ళు హనుమా?"

"చెయ్యి పెట్టకుండా ఎన్నంటే నేనేం చెప్పను? ముందు పెట్టండి."

ఆయన మూడు వేళ్ళూ అప్పటికే ఆమె ముఖానికి జానెడు దూరంలో ఉన్నాయి.